ఆర్డర్ మెయిల్ స్పామ్‌లో పడితే నష్టం ఎవరికి? గోదావరి వ్యాపారులు తెలుసుకోవాల్సిన లెక్క ఇదీ..

గోదావరి జిల్లాల నుంచి పూతరేకుల పెట్టె హైదరాబాద్, బెంగళూరు మీదుగా అమెరికా దాకా వెళ్తోంది. కడియం మొక్కలు లారీలెక్కి రాష్ట్రాలు దాటుతున్నాయి. నరసాపురం లేసు సముద్రాలే దాటుతోంది. సరుకు ఇంత దూరం వెళ్తోంది కానీ.. దాని గురించి షాపు వాళ్లు పంపిన ఈమెయిల్ మాత్రం ఒక్కోసారి కస్టమర్ ఇన్‌బాక్స్ గడప దాటడం లేదు. నేరుగా స్పామ్ ఫోల్డర్‌లో పడుతోంది.

ఇందులో అంత పెద్ద విషయం ఏముంది అనుకోవచ్చు. ఉంది. సంక్రాంతికి పది రోజుల ముందు డల్లాస్‌లో ఉన్న ఓ కస్టమర్ నాలుగు పెట్టెల పూతరేకులు ఆర్డర్ పెట్టారనుకుందాం. అడ్రస్‌లో అపార్ట్‌మెంట్ నంబర్ లేదు. షాపు వాళ్లు మెయిల్ పెట్టి అడిగారు. ఆ మెయిల్ స్పామ్‌లో పడింది. కస్టమర్ చూడలేదు. జవాబు రాలేదు. పార్సిల్ ఆగిపోయింది. పండగ వెళ్లిపోయాక పూతరేకులు చేరితే ఏం లాభం? డబ్బులు వెనక్కి ఇవ్వాలి, పైగా షాపు పేరు పోతుంది.

మరి తప్పు ఎవరిది? గూగుల్‌దా? ఇంటర్నెట్‌దా? చాలా సందర్భాల్లో దీనికి సమాధానం మన షాపు కౌంటర్ దగ్గరే దొరుకుతుంది. అదెలాగో చూద్దాం.

రూల్స్ ఎప్పుడు మారాయి?

2023 అక్టోబర్‌లో గూగుల్, యాహూ కలిసి ఓ ప్రకటన చేశాయి. పెద్ద సంఖ్యలో మెయిల్స్ పంపేవాళ్లు ఇకపై కొన్ని షరతులు పాటించాల్సిందే అన్నాయి. 2024 ఫిబ్రవరి నుంచి అవి అమల్లోకి వచ్చాయి. 2025 మే నుంచి మైక్రోసాఫ్ట్ కూడా ఔట్‌లుక్ మెయిల్స్ విషయంలో ఇదే బాట పట్టింది. 2025 నవంబర్ నుంచి జీమెయిల్ ఇంకాస్త బిగించింది. షరతులు పాటించని మెయిల్స్‌ను స్పామ్‌లో వేయడమే కాదు, అసలు తీసుకోకుండానే తిప్పి పంపడం పెంచింది.

షరతులు ఏంటంటే.. రోజుకు 5,000 లేదా అంతకు మించి జీమెయిల్ ఖాతాలకు మెయిల్స్ పంపేవాళ్లు తమ డొమైన్ తమదేనని సాంకేతికంగా రుజువు చూపించాలి. ప్రచార మెయిల్ అయితే ఒక్క క్లిక్‌తో ‘ఇక వద్దు’ అని చెప్పే అన్‌సబ్‌స్క్రైబ్ సౌకర్యం ఇవ్వాలి. కస్టమర్ వద్దన్నాక రెండు రోజుల్లోగా ఆ పేరు తీసేయాలి.

‘మనం రోజుకు 5 వేల మెయిల్స్ ఎక్కడ పంపుతామండీ’ అని చిన్న వ్యాపారులు అనుకోవచ్చు. కానీ చిన్నవాళ్లకూ వర్తించే రూల్స్ రెండున్నాయి. ఒకటి, ఎవరు పంపినా కనీస గుర్తింపు ఉండాలి. రెండు, స్పామ్ ఫిర్యాదుల శాతం 0.3కి చేరకూడదు. 0.1 లోపు ఉంచుకోవడం మంచిదని గూగుల్ చెబుతోంది.

0.3 శాతం అంటే ఎంత? వెయ్యి మంది ఇన్‌బాక్స్‌లకు మెయిల్ వెళ్తే అందులో ముగ్గురు ‘రిపోర్ట్ స్పామ్’ నొక్కడం. అంతే. మిగతా 997 మంది ఏమీ అనకపోయినా సరే, ఆ ముగ్గురి మాటే గీత దాటించేస్తుంది.

స్పామ్ అని ఎవరు తేలుస్తారు?

‘ఉచితం’, ‘ఆఫర్’ లాంటి మాటలు వాడితేనే స్పామ్‌లో పడుతుందని చాలామంది నమ్మకం. మాటలు కొంత లెక్కలోకి వస్తాయి, నిజమే. కానీ మెయిల్ సర్వీసులు ముఖ్యంగా రెండు ప్రశ్నలు వేసుకుంటాయి. పంపింది నిజంగా వీళ్లేనా? అందుకున్నవాళ్లు వీళ్ల మెయిల్స్‌తో ఏం చేస్తున్నారు?

మొదటి ప్రశ్నకు జవాబుగా మూడు ఏర్పాట్లు ఉన్నాయి. పేర్లు వింటే కంగారుగా ఉంటుంది కానీ, కడియం నుంచి బయల్దేరే మొక్కల లారీతో పోల్చుకుంటే తేలిగ్గా అర్థమవుతాయి.

ఎస్‌పీఎఫ్ అంటే.. ‘మా నర్సరీ సరుకు ఫలానా ట్రాన్స్‌పోర్ట్ లారీల్లోనే వస్తుంది’ అని ముందే ఇచ్చే జాబితా. ఆ జాబితాలో లేని లారీ వస్తే అనుమానించాల్సిందే.

డీకేఐఎం అంటే.. లోడు మీద వేసే సీలు. దారిలో ఎవరైనా విప్పి మార్చితే సీలు చెప్పేస్తుంది.

డీమార్క్ అంటే.. ‘జాబితా, సీలు మా పేరుతో సరిపోకపోతే ఈ లోడును ఏం చేయాలి’ అని మనమే రాసిచ్చే సూచన. ఊరికే లెక్క రాసుకోమనొచ్చు, పక్కన పెట్టమనొచ్చు, వెనక్కి పంపేయమనొచ్చు.

ఈ మూడూ డొమైన్ సెట్టింగ్స్‌లో పెట్టే చిన్న రాతలు. ఒక్కసారి సరిగ్గా పెడితే చాలు. డొమైన్ అమ్మిన కంపెనీ హెల్ప్‌లైన్‌ను అడిగినా, మీ వెబ్‌సైట్ చేసిన కుర్రాణ్ని అడిగినా పూట పని.

జీమెయిల్ అడ్రస్‌తోనే వ్యాపారమా? జాగ్రత్త

మన దగ్గర చాలా షాపుల విజిటింగ్ కార్డు మీద ఉండేది మామూలు జీమెయిల్ అడ్రస్సే. ఆర్డర్లకు జవాబులివ్వడానికి అది సరిపోతుంది. చిక్కల్లా పండగ ఆఫర్ వచ్చినప్పుడే. ఒక్కసారిగా అందరికీ పంపాలని బయటి మెయిలింగ్ సర్వీసు తీసుకుంటారు. ‘ఫ్రమ్’ దగ్గర మాత్రం అదే జీమెయిల్ అడ్రస్ పెడతారు.

కొత్త రూల్స్ ప్రకారం ఇది కుదరదు. జీమెయిల్ పేరు పెట్టుకుని వేరే సర్వర్ నుంచి వచ్చే మెయిల్‌ను గూగుల్ నకిలీగా చూస్తుంది. లారీ మీద ఒకరి పేరు, వే బిల్లులో ఇంకొకరి పేరు ఉన్నట్టు అన్నమాట. అవి స్పామ్‌లో పడే అవకాశం ఎక్కువ. పోనీ మామూలు జీమెయిల్ నుంచే నేరుగా పంపుదామంటే రోజుకు 500 మందికి మించి కుదరదు.

ఇంకో పొరపాటు కూడా తరచూ జరుగుతుంది. మూడు వందల మంది కస్టమర్ల అడ్రస్‌లు ‘టు’ లో వరసగా పెట్టేసి పంపడం. దీంతో ఎవరెవరు మీ కస్టమర్లో అందరికీ తెలిసిపోతుంది. పక్క షాపు వాళ్లకు మీ కస్టమర్ల లిస్టు మీరే చేతికిచ్చినట్టు. అడ్రస్ బయటపడిన కస్టమర్‌కు కోపం రావడం సహజం. ఆ కోపం వెళ్లేది ‘రిపోర్ట్ స్పామ్’ బటన్ మీదకే.

పరిష్కారం ఖరీదైనదేం కాదు. సొంత డొమైన్ పేరు ఏడాదికి కొన్ని వందల రూపాయల్లో మొదలవుతుంది. రాజమహేంద్రవరంలో ఒక మంచి బోర్డు రాయించే ఖర్చు కంటే తక్కువే.

పిలవని పేరంటం

గుర్తింపు సరిగ్గా ఉంటే సరిపోతుందా? సరిపోదు. మీరు మీరేనని రుజువు చేసుకున్నంత మాత్రాన ఎవరూ తలుపు తీయాలని లేదు కదా. అసలు సమస్య రెండో ప్రశ్న దగ్గరుంది. అందుకున్నవాళ్లకు మీ మెయిల్ కావాలా?

‘లక్ష ఈమెయిల్ ఐడీలు, చాలా తక్కువ ధరకే’ అంటూ వచ్చే ఫోన్ కాల్స్ వ్యాపారులకు కొత్త కాదు. ఎన్నారైల లిస్టు అంటారు, ఇంపోర్టర్ల లిస్టు అంటారు. పండగ ముందు, కొత్త సీజన్ ముందు ఇలాంటివి కొనాలనిపిస్తుంది. ఆక్వా రంగాన్నే తీసుకోండి. 2025 ఆగస్టులో అమెరికా మన ఎగుమతులపై సుంకాన్ని 50 శాతానికి పెంచాక, కొత్త దేశాల్లో కొనుగోలుదారుల కోసం వెతుకులాట రొయ్యల ఎగుమతిదారులకు తప్పనిసరైంది. అలాంటి సమయంలో రెడీమేడ్ లిస్టు దొరికితే ఆశ పుడుతుంది.

కానీ ఆ లిస్టులో ఉన్నవాళ్లెవరూ మిమ్మల్ని పిలవలేదు. పిలవని పేరంటానికి వెళ్తే మర్యాద ఎలా ఉంటుందో ఇక్కడా అలాగే ఉంటుంది. కొన్ని అడ్రస్‌లు ఎప్పుడో మూతపడి ఉంటాయి, మెయిల్స్ తిరిగొచ్చేస్తాయి. కొన్ని అడ్రస్‌లు స్పామ్ పంపేవాళ్లను పట్టుకోవడానికే పెట్టిన వలలు. వాటికి మెయిల్ వెళ్లిందంటే లిస్టు కొన్నదేనని ఇట్టే దొరికిపోతారు. మిగతా వాళ్లలో కొందరు స్పామ్ అని నొక్కేస్తారు. వెయ్యికి ముగ్గురు చాలని ముందే చెప్పుకున్నాం.

ఈ అలవాటు ఇవాళ్టిది కాదు. 1978 మే 3న అమెరికాలో ఓ కంప్యూటర్ కంపెనీ మార్కెటింగ్ ఉద్యోగి దాదాపు 400 మందికి అడగకుండానే ప్రచార మెయిల్ పంపాడు. చరిత్రలో మొదటి స్పామ్ మెయిల్‌గా దాన్నే చెబుతారు. అప్పుడు కూడా అందుకున్నవాళ్లకు చిర్రెత్తుకొచ్చింది. తేడా ఏంటంటే, అప్పుడు వాళ్లు ఫిర్యాదు రాసి పంపాల్సి వచ్చింది. ఇప్పుడు వేలు కదిపితే చాలు.

అసలు దెబ్బ ఎక్కడ తగులుతుంది?

ఆఫర్ మెయిల్ స్పామ్‌లో పడితే పోయేది ఓ ప్రచారం. అంతవరకే అయితే సర్దుకోవచ్చు. కానీ చెడ్డ పేరు వచ్చేది ఆ ఒక్క మెయిల్‌కు కాదు, మొత్తం డొమైన్‌కు. అదే డొమైన్ నుంచి వెళ్లే ఆర్డర్ కన్ఫర్మేషన్, జీఎస్టీ బిల్లు, కొటేషన్, పార్సిల్ ట్రాకింగ్ నంబర్.. అన్నీ ఆ పేరుతోనే వెళ్తాయి. కస్టమర్ ఎదురుచూస్తున్న మెయిల్స్ కూడా, ఎవరూ అడగని మెయిల్స్ చేసిన తప్పుకు శిక్ష అనుభవిస్తాయి.

కడియం నర్సరీనే ఉదాహరణగా అనుకుందాం. వేరే రాష్ట్రంలో ల్యాండ్‌స్కేపింగ్ చేసే కాంట్రాక్టర్ రెండు లారీల మొక్కలకు కొటేషన్ అడిగారు. నర్సరీ వాళ్లు అదే రోజు పంపారు. అది స్పామ్‌లో పడింది. ‘వీళ్లు జవాబే ఇవ్వలేదు’ అనుకుని కాంట్రాక్టర్ ఇంకో నర్సరీకి ఫోన్ చేశారు. పోయిన ఆర్డర్ గురించి ఇక్కడ ఎవరికీ తెలియను కూడా తెలియదు. కనిపించని నష్టం అంటే ఇదే.

అందుకే ఆఫర్ల మెయిల్స్‌కు ఒక అడ్రస్, ఆర్డర్లు బిల్లులకు వేరే అడ్రస్ వాడటం మంచిది. వీలైతే రెండింటికీ సబ్‌డొమైన్లు కూడా వేరుగా పెట్టుకోవాలి. పూర్తి రక్షణ కాకపోయినా, ఒకదాని మచ్చ ఇంకోదానికి అంటడం తగ్గుతుంది.

చట్టం ఏమంటోంది?

ఎస్ఎంఎస్‌లు, కాల్స్ విషయంలో మనకు ట్రాయ్ ఉంది. 2018 నిబంధనల ప్రకారం వ్యాపార ఎస్ఎంఎస్ పంపాలంటే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. వద్దనుకునేవాళ్లకు 1909 ఉంది. ఇప్పుడు ఎస్ఎంఎస్ పంపినవాళ్ల పేరు చివర ప్రచారమైతే పీ, సర్వీస్ అయితే ఎస్, లావాదేవీ అయితే టీ, ప్రభుత్వానిదైతే జీ అనే అక్షరం కనిపిస్తోంది కదా. అది కూడా ఆ కట్టడిలో భాగమే.

ఈమెయిల్‌కు అలాంటి కాపలాదారు లేడు. ఐటీ చట్టంలోని 66ఏ సెక్షన్‌లో చిరాకు పెట్టే మెయిల్స్ ప్రస్తావన ఉండేది. ఆ సెక్షన్ భావప్రకటన స్వేచ్ఛకు విరుద్ధమంటూ 2015 మార్చి 24న సుప్రీంకోర్టు మొత్తంగా కొట్టేసింది. అప్పటి నుంచి మన దేశంలో స్పామ్ మెయిల్ కోసమే ప్రత్యేకించిన చట్టం లేదు. ఆ పని మెయిల్ కంపెనీలే చేస్తున్నాయి.

ఇప్పుడు పరిస్థితి మారబోతోంది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టానికి 2025 నవంబర్‌లో రూల్స్ నోటిఫై అయ్యాయి. ప్రకటించిన గడువు ప్రకారం వ్యాపారుల మీద ఉండే ప్రధాన బాధ్యతలు 18 నెలల తర్వాత, అంటే 2027 మేలో అమల్లోకి వస్తాయి. ఈమెయిల్ ఐడీ కూడా వ్యక్తిగత డేటానే. దేనికి తీసుకుంటున్నారో చెప్పి, స్పష్టమైన అనుమతితో తీసుకోవాలి. ఇవ్వడం ఎంత తేలికో, వెనక్కి తీసుకోవడం కూడా అంతే తేలిగ్గా ఉండాలి. ఆ నోటీసును తెలుగులో చదువుకునే వీలు కూడా కల్పించాలి. జరిమానాలు ఉల్లంఘనను బట్టి గరిష్ఠంగా రూ.250 కోట్ల వరకు ఉన్నాయి.

ఆ చట్టంలో ఒక మందుల షాపు ఉదాహరణ ఉంది. కొన్నవాటికి రసీదు పంపమని కస్టమర్ తన వివరాలు ఇస్తే, షాపు వాటిని రసీదు పంపడానికి వాడుకోవచ్చు. ఇదే సూత్రం కాజాల షాపుకూ, చీరల షాపుకూ వర్తిస్తుంది. బిల్లు కోసం ఇచ్చిన అడ్రస్ బిల్లు కోసమే. దాన్ని దసరా డిస్కౌంట్ల లిస్టులో కలపాలంటే మళ్లీ అడగాలి.

విదేశాల్లో ఉన్న కస్టమర్ల సంగతి వేరు. అమెరికాలో 2003 నుంచే క్యాన్-స్పామ్ చట్టం ఉంది. దాని ప్రకారం తప్పుదోవ పట్టించే సబ్జెక్ట్ లైన్ ఉండకూడదు, వ్యాపారం పోస్టల్ అడ్రస్ ఉండాలి, వద్దన్నవాళ్ల పేరు 10 పనిదినాల్లోగా తీసేయాలి. యూరప్‌లో అయితే వ్యక్తులకు ప్రచార మెయిల్ పంపాలంటే సాధారణంగా ముందే అనుమతి ఉండాలి.

గూగుల్‌కే ఇంత పెత్తనమా?

ఇది న్యాయమైన ప్రశ్నే. మన ఆర్డర్ మెయిల్ ఎక్కడ పడాలో ఎక్కడో ఉన్న ప్రైవేట్ కంపెనీ తేల్చడం ఏంటి? వాళ్ల యంత్రం పొరబడితే ఎవరికి చెప్పుకోవాలి? పెద్ద కంపెనీలకు ఈ పనికి ప్రత్యేకంగా ఉద్యోగులుంటారు. ఆత్రేయపురంలో ఇంట్లో రేకులు తీసి, పొట్లాలు కట్టి, ఫోన్‌లో ఆర్డర్లు చూసుకునే కుటుంబానికి ఎవరుంటారు?

ఆ ఇబ్బంది నిజం. జీఐ ట్యాగ్ తెచ్చుకోవడానికి ఆత్రేయపురం పూతరేకుల తయారీదారులు సంఘంగా కదిలారు, 2023లో సాధించారు. ఉప్పాడ జాందానీకి ఆ గుర్తింపు 2009లోనే వచ్చింది. పేరు కాపాడుకోవడానికి కలిసి నడవడం ఈ నేలకు కొత్త కాదు. మెయిల్ సెట్టింగ్స్ లాంటి పనికి ఒక్కో షాపు ఒక్కో మనిషిని పెట్టుకోలేదు కానీ, ఒక సంఘం మొత్తానికి ఒకరిని పెట్టుకోవచ్చు. జిల్లా పరిశ్రమల శాఖ శిక్షణల్లో ప్యాకింగ్, లైసెన్సులతో పాటు ఇదీ ఒక పాఠంగా చేరిస్తే బాగుంటుంది.

అయితే ఒకటి ఒప్పుకోవాలి. ఈ గట్టి రూల్స్ లేకపోతే మన ఇన్‌బాక్స్‌లు మోసగాళ్ల చేతుల్లో ఉండేవి. ‘మా బ్యాంకు ఖాతా మారింది, డబ్బు ఈ కొత్త ఖాతాలో వేయండి’ అంటూ సరఫరాదారు పేరుతో నకిలీ మెయిల్ వస్తే ఎగుమతిదారుకైనా దిగుమతిదారుకైనా లక్షల్లో నష్టం. మీ డొమైన్ పేరునే నేరుగా దొంగిలించి పంపే మెయిల్స్‌ను డీమార్క్ అడ్డుకోగలదు. ఖాతానే హ్యాక్ అయినా, ఒక అక్షరం తేడాతో వేరే డొమైన్ పెట్టుకున్నా అది ఆపలేదు. కాబట్టి ఖాతా మారిందని మెయిల్ వస్తే, ముందు నుంచి మీ దగ్గరున్న నంబర్‌కు ఫోన్ చేసి కనుక్కున్నాకే డబ్బు వేయండి. మోసపోతే వెంటనే 1930కి కాల్ చేయాలి.

పండగ సీజన్‌కు ముందు ఇవి చూసుకోండి

1. కౌంటర్ దగ్గరే అడగండి. ‘కొత్త సరుకు వస్తే మెయిల్ పెడతామండీ, పర్లేదాండీ?’ అన్న ఒక్క మాట చాలు. ఊఁ అన్నవాళ్ల పేరు మాత్రమే లిస్టులో రాసుకోండి. ఎప్పుడు, ఎక్కడ అడిగారో కూడా రాసిపెట్టుకోండి.

2. లిస్టులు కొనొద్దు, అప్పు తీసుకోవద్దు. బావమరిది షాపు లిస్టు అయినా సరే.. వాళ్లు ఒప్పుకున్నది ఆయన మెయిల్స్‌కు, మీ మెయిల్స్‌కు కాదు.

3. వెళ్లిపోయే దారి కనిపించేలా పెట్టండి. అన్‌సబ్‌స్క్రైబ్ లింక్ దాస్తే కస్టమర్ ఆగిపోడు, స్పామ్ బటన్ నొక్కుతాడు. వెళ్లనిస్తే మీ పేరు నిలుస్తుంది.

4. ఏడాదిగా ఒక్క మెయిల్ కూడా తెరవనివాళ్లకు పంపడం మానేయండి. లిస్టు చిన్నదైతే నామోషీ ఏం లేదు.

5. ఒక్కసారే వేలల్లో పంపొద్దు. కొత్త డొమైన్ అయితే మరీనూ. ముందు బాగా తెలిసిన పాత కస్టమర్లకు కొద్దికొద్దిగా పంపుతూ పెంచుకుంటూ వెళ్లాలి.

6. సబ్జెక్ట్ లైన్ సూటిగా ఉండాలి. లోపల ఆఫర్ పెట్టి, బయట ‘మీ ఆర్డర్ గురించి’ అని రాస్తే తెరిచినవాళ్లకు ఒళ్లు మండుతుంది.

7. ఆర్డర్ తీసుకున్నప్పుడే చెప్పండి. ‘మెయిల్ రాకపోతే ఒకసారి స్పామ్‌లో చూసి, అక్కడుంటే నాట్ స్పామ్ నొక్కండి’ అని. జవాబు ఇచ్చే కస్టమర్, మీ అడ్రస్ సేవ్ చేసుకునే కస్టమర్ మీకు పెద్ద దన్ను.

కస్టమర్లకూ ఒక మాట

మీరే ఎప్పుడో అడిగి తెప్పించుకున్న మెయిల్స్ ఇప్పుడు వద్దనుకుంటే అన్‌సబ్‌స్క్రైబ్ నొక్కండి. దానికి స్పామ్ బటన్ నొక్కితే చిన్న షాపుకు దెబ్బ పడుతుంది. అసలు పరిచయమే లేని మెయిల్ వస్తే మాత్రం లోపలి లింకులేవీ ముట్టుకోకుండా స్పామ్‌గా రిపోర్ట్ చేయండి. ఆన్‌లైన్‌లో ఏదైనా ఆర్డర్ పెట్టినప్పుడు ఓసారి స్పామ్ ఫోల్డర్ కూడా తిరగేయడం మర్చిపోకండి.

గోదావరి జిల్లాల్లో వ్యాపారం నడిచేదే మర్యాద మీద. షాపులోకి వచ్చినవాళ్లను కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, ఏం కావాలండీ అని అడిగాకే సరుకు చూపిస్తారు. దారిన పోయేవాళ్ల చెయ్యి పట్టుకుని లాగరు. మెయిల్ విషయంలోనూ ఆ పద్ధతే పాటిస్తే సగం సమస్య తీరినట్టే. మిగతా సగం సెట్టింగ్స్ పని. అది ఒక పూటలో అయిపోతుంది.